రెండు తాళ్ళ కుమ్మక్కు

మా పెదమొగలిపేట ఒడ్డున సోమరితనం పేరుకుపోయి ఉందని ప్రభుత్వం వారు కనిపెట్టేదాకా మాకెవరికీ తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాం కదా, కంటికి మరీ దగ్గరగా ఉన్నవి కనబడవు. చూసి చెప్పడానికి జిల్లా కేంద్రం నుంచి పరాంకుశం గారు రావలసి వచ్చింది.

ఆయన తీర శ్రమ సామర్థ్య సంస్థకు ప్రాంతీయాధికారి. మా ఇసుకలోకి బూట్లతో దిగిన మొదటి మనిషి. మెడలో తాడు, తాడుకు గడియారం. దాన్ని నొక్కితే పరిగెత్తేది, మళ్ళీ నొక్కితే ఆగేది. అంత చెప్పినమాట వినే వస్తువు మా ఊళ్ళో అంతవరకూ లేదు.

ఆయన వచ్చింది కవ్వళ్ళ కాలంలో. కవ్వళ్ళంటే వేలెడంత వెండి చేపలు. ఏడాదికోసారి గుంపులు గుంపులుగా ఒడ్డు దగ్గరికొస్తాయి, కొన్నాళ్ళు ఉంటాయి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతాయి. ఆ కొన్నాళ్ళలో పట్టినవాటిలో తినగా, అమ్మగా మిగిలినవి ఇసుక మీద ఎండబెట్టి కుండల్లో దాచుకుంటాం. వానల్లో సముద్రం పడవని లోపలికి రానివ్వదు. అప్పుడు కుండ నిండిన ఇల్లు ఊళ్ళో ఉంటుంది. నిండని ఇల్లు తాళం వేసుకుని చుట్టాల ఊరికి పోతుంది.

అంతకు ముందేడు అలా పోయిన ఇల్లు మైలపిల్లి బంగారిది. అతని పెళ్ళాం మాసేనమ్మ వానలన్నీ ఆడపడుచు ఇంట్లో గడిపింది. గంజి పోస్తూ ఆ ఆడపడుచు అన్న మాటలు మాసేనమ్మ మా అందరికీ ఒక్కటి కూడా వదలకుండా వినిపించింది. వినిపించి, నిప్పు కొస లోపలుండే అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, “ఈ ఏడు నా కుండ నిండాల. నిండకపోతే సముద్రంలోనైనా కూకుంటాను గాని ఆ గుమ్మం తొక్కను” అంది. మాసేనమ్మ అన్నదంటే చేస్తుంది. అందుకని మాకు సముద్రం మీద జాలేసింది.

ఇక మా అలివి వల సంగతి కొంచెం చెప్పాలి. పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రాకారంలో దింపి వస్తుంది. వలకు రెండు కొసలు, రెండు కొసలకూ రెండు తాళ్ళు. ఉత్తరం తాడు బంగారి జట్టుది. దక్షిణం తాడు దానయ్య జట్టుది. ఈ దానయ్య మాసేనమ్మకి సొంత అన్న, బంగారికి బావ. రెండు జట్లూ ఒడ్డున నిలబడి, వెనక్కి నడుస్తూ, ఒక్క తీరున లాగాలి. ఒక తాడు ముందొచ్చేసిందా, వల వంకరవుతుంది, రెండో వైపు తలుపు తెరిచినట్టవుతుంది, కవ్వళ్ళు పెళ్ళి విడిదిలోంచి బయల్దేరినట్టు వరసగా వెళ్ళిపోతాయి.

అలా కాకుండా చూడడానికి మధ్యలో దిబ్బ మీద కొర్లయ్య నిలబడేవాడు. చేతిలో ఎర్ర తువ్వాలు. అటు ఊపితే దక్షిణం ఆగాలి, ఇటు ఊపితే ఉత్తరం ఆగాలి. కొర్లయ్య తాడు ముట్టడు. ఇసుకలో కాలు కూడా సరిగా పెట్టడు. సముద్రం ఆటుపోట్లు కూడా తన తువ్వాలు చూసే జరుగుతున్నాయని అతనికి గట్టి నమ్మకం. అయినా అందరితో పాటు అతనికీ ఒక పాలు.

పరాంకుశం గారు వచ్చిన రోజు పొద్దున్న లాగుడు చూస్తూ నిలబడి హఠాత్తుగా గడియారం నొక్కారు.

“ఆ దక్షిణం జట్టు ఎందుకు ఆగింది?”

“ఉత్తరం తాడు ఎనకబడిపోనాది బాబూ. ఆళ్ళొచ్చేదాకా ఈళ్ళు ఆగాల” అన్నాడు కొర్లయ్య.

“వెనకబడినవాడి కోసం ముందున్నవాడు ఆగడమా?”

“ఆగడేటి మరి? వల ఒకటే గదా.”

“ఆగమన్నది ఎవరు?”

“నానే” అన్నాడు కొర్లయ్య రొమ్ము విరుచుకుని.

పరాంకుశం గారు గడియారం మళ్ళీ నొక్కి ఆపారు. “ఎదురెదురుగా ఉండవలసిన రెండు పక్షాలు లోపాయికారీగా మాట్లాడుకుని వేగాన్ని నియంత్రించుకుంటున్నాయి. మధ్యలో ఒక దళారీ. దీన్ని మా శాస్త్రంలో కుమ్మక్కు అంటారు.”

“మా ఊళ్ళో చేపలు పట్టడం అంటారండి” అన్నాడు కొర్లయ్య.

ఆ సాయంత్రమే మైకు కట్టించి ఉత్తర్వు చదివారు. “పోటీ లేని చోట శ్రమ నిద్రించును. కావున నేటి నుండి ఉభయ తాళ్ళ జట్లూ పరస్పరం పోటీదారులుగా పరిగణింపబడును. ఏ జట్టు తాడు ముందుగా ఒడ్డు చేరునో ఆ జట్టుకు పట్టుబడిలో మూడింట రెండు వంతులు ప్రోత్సాహకముగా లభించును. ఉభయ జట్ల మధ్య చూపు, సైగ, సంభాషణ నిషిద్ధము. తువ్వాలు కలిగియుండుట నేరము.”

“ఒళ్ళు తుడుసుకోడానికి కూడానా బాబూ?” అని అడిగారెవరో.

“ఎరుపు కాని తువ్వాలునకు మినహాయింపు కలదు” అన్నారాయన, చాలా సౌమ్యంగా.

మర్నాటికి ఒడ్డు మధ్యలో నీళ్ళదాకా ఆకుపచ్చ షామియానా గుడ్డ అడ్డంగా కట్టేశారు, రెండు జట్లూ ఒకదాన్నొకటి చూసుకోకుండా. ఇంటి సంభాషణలో కూడా కుమ్మక్కు జరగవచ్చని బావాబావమరుదుల రాకపోకలు ఆపించారు. దాంతో మాసేనమ్మకి పుట్టిల్లు మూతబడింది. దానయ్య పెళ్ళాం పోలమ్మా తనూ రోజూ పొయ్యి దగ్గర కూచుని ఊరి సంగతులన్నీ తేల్చేవాళ్ళు. ఇప్పుడు గుడ్డకి ఇటు ఒకరు, అటు ఒకరు.

మొదటి పోటీ నేను కళ్ళారా చూశాను. పరాంకుశం గారు ఈల ఊదగానే దక్షిణం జట్టు తాడు భుజాన వేసుకుని వెనక్కి పరుగు పెట్టింది. తాడు పొగలు కక్కింది. పక్కన నిలబడ్డవాడు దాంతో చుట్ట వెలిగించుకున్నాడంటే మీరు నమ్మరు, నమ్మకపోతే మానండి. వల ఎంత వేగంగా వచ్చిందంటే దానికి తడవడానికి తీరిక దొరకలేదు. అందులో ఒక ఎండ్రకాయ ఉంది, ఒక రబ్బరు చెప్పు ఉంది.

పరాంకుశం గారు గడియారం చూసి పరవశించిపోయారు. “రికార్డు. నిన్న పొద్దెక్కేదాకా పట్టిన పని నేడు కాఫీ చల్లారేలోగా అయిపోయింది.”

“సేపలో?” అన్నాడు దానయ్య వగరుస్తూ.

“నిబంధన ప్రకారం ఎండ్రకాయ గెలిచిన జట్టుకు. చెప్పు ఓడిన జట్టుకు.”

“అది కాదు బాబూ. సేపలు రాలేదు గదా.”

పరాంకుశం గారు పక్కనే ఉన్న బల్ల మీద వేళ్ళు ఆనించి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు. “చూడు నాయనా. తాడు వేగం కార్మికుని పనితీరు. చేపల రాక సముద్రం పనితీరు. సముద్రం తప్పుకు కార్మికుణ్ణి శిక్షించడం అన్యాయం. అలాగే ఎవరి పనితీరు ఫలితం వారికే దక్కాలి. అదీ మా సంస్థ మూలసూత్రం.”

ఆ మాట అప్పుడు మాకు చాలా గొప్పగా వినబడింది. మాసేనమ్మ మాత్రం చుట్ట నోట్లోనే ఉంచుకుని దాన్నే రెండుసార్లు లోపల్లోపల అనుకుంది. ఆవిడ మాటలు దాచుకునే మనిషి. ఎండు చేపల్లాగే.

పంచడానికి చేపలు లేకపోవడం వల్ల ప్రోత్సాహకం మార్చారు. గెలిచిన జట్టులో మనిషికో స్టీలు బిందె. అక్కడితో మొగాళ్ళకి మతి పోయింది. ఊరు ఊరంతా వెనక్కి నడవడం సాధన చేసింది. మొగాళ్ళు టీ కొట్టుకి వెనక్కి నడిచి వెళ్ళేవారు, గుడికి వెనక్కి నడిచి వెళ్ళి దేవుడికి వీపు పెట్టి దణ్ణం పెట్టేవారు. బస్సెక్కిన ఇద్దరు వెనక అద్దంలోంచి చూస్తూ ప్రయాణం చేశారు. సంస్థ వారి మాసపత్రికలో మా ఊరి ఫొటో వేసి కింద ‘ప్రగతి పథంలో పెదమొగలిపేట’ అని రాశారు.

బిందెలన్నీ దక్షిణం వైపు పోతున్నాయి. బంగారి రోజూ ఓడి ఇంటికొస్తున్నాడు. ఒకరోజు మొగుడూ పెళ్ళాల మాటలు వాళ్ళ వాకిట్లో వల కంతలు కుట్టుకుంటూ నేను విన్నాను.

“ఈరోజు కూడా మీ అన్నే గెలిసినాడు” అన్నాడు బంగారి, గుమ్మంలోకి వెనక్కి నడిచి వస్తూ.

“కుండలోకి ఏటొచ్చింది?”

“ఆడికి నలుగురు కుర్రోళ్ళు కొత్తగా సేరినారే. ఆళ్ళ కాళ్ళు సూసినావా?”

“నాను కుండ సూసినాను. అడుక్కి నాలుగు కవ్వళ్ళున్నాయి. పోయినేటివి. ఆటికి పేర్లు కూడా ఎట్టీసినాను.”

“ఒక్క బిందె గెల్సి తెస్తాను సూడు.”

“తెచ్చి అందులో ఏటి వండమంటావు? బిందె సప్పుడా?” అంది మాసేనమ్మ. “మావా, కవ్వళ్ళు ఎన్నాళ్ళుంటాయో తెలీదు. ఎల్లిపోతే మీ సెల్లి గుమ్మం నువ్వొక్కడివే తొక్కు. నాను రాను.”

బంగారి ఆ రాత్రి పడుకోలేదంటారు. అతనికి పౌరుషం ఉంది, పౌరుషంతో పాటు కొంచెం బుర్ర కూడా ఉంది. రెండూ ఒక్కరోజే పనిచేయడం వల్ల నష్టం జరిగింది. మర్నాడు పడవ మీద తానే వెళ్ళి, తన తాడుకి వల కట్టకుండా ఒట్టి తాడు కొస నీళ్ళలో వదిలి వచ్చాడు. ఈల ఊదగానే ఉత్తరం తాడు పాములా జరజరా ఒడ్డెక్కేసింది. దక్షిణం జట్టు ఒక్క తాడుతో మొత్తం వలని ఈడ్చుకుంటూ సగం దూరంలోనే ఉంది.

దానయ్య గుడ్డ కింద నుంచి దూరి ఇవతలికొచ్చాడు. “బావా, ఇదేటి మోసం? నీ తాడుకి వలేదీ?”

“నీకెందుకు? మాటాడకూడదు. కుమ్మక్కవుద్ది” అన్నాడు బంగారి.

పరాంకుశం గారు ఇద్దర్నీ ఆపి, కళ్ళద్దాలు పెట్టుకుని తన ఉత్తర్వు తానే తిరిగి చదివారు. అందులో తాడు ఒడ్డు చేరాలని ఉంది. వల అన్న మాట ఎక్కడా లేదు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది. “దీనినే నవకల్పన అంటారు. పోటీ ఉంటే తప్ప ఇలాంటివి పుట్టవు. ఇన్ని తరాలుగా మీ వేగాన్ని వెనక్కి లాగుతున్నది ఏమిటో ఎవరైనా ఆలోచించారా? వల.”

మర్నాడు వల ‘ప్రతిఘటనా కారకమైన అనవసర ఉపకరణము’గా ప్రకటింపబడి, పాకలో పెట్టి తాళం వేయబడింది. తాళంచెవి నాకిచ్చారు. వల కుట్టేవాడికి వలతో పని లేకుండా పోయింది కాబట్టి నన్ను వల కాపలాదారుగా మార్చారు.

ఒకసారి దారి దొరికాక జ్ఞానం ఆగదు. వల పోయాక, తాడుకి నీళ్ళ బరువు కూడా అడ్డమేనని తేలింది. తాడు ఇసుక మీదే పరిచి లాగించారు. తర్వాత ఇసుక కాళ్ళకి అడ్డమని తేలింది. చివరికి సముద్రం దగ్గర గాలి ఎక్కువై అతిథుల కాగితాలు ఎగిరిపోతున్నాయని, పోటీని కొత్త తాళ్ళతో సహా పట్నంలో కాలేజీ మైదానానికి మార్చారు. చేపలు పట్టేవాళ్ళ సామర్థ్యం పెంచడానికి సముద్రమే పెద్ద ఆటంకమని పరాంకుశం గారు ఆ రోజు ప్రసంగంలో ఎంతో బాధగా చెప్పారు.

ఆ మైదానంలో పెద్ద ప్రదర్శన ఏర్పాటయింది. పైనుంచి పెద్దలు వస్తున్నారు. మా ఊరి పద్ధతిని తీరమంతా ప్రవేశపెట్టాలా అని వాళ్ళు తేలుస్తారు. తెల్లవారేసరికి రెండు జట్లనీ లారీల్లో ఎక్కించారు. మొగాళ్ళు ఎవరి బిందెలు వాళ్ళు మెడలో వేలాడేసుకుని, లారీ వెనక తలుపు వైపు తిరిగి నిలబడి వెళ్ళారు.

లారీల దుమ్ము అణగకముందే కవ్వళ్ళు వచ్చాయి.

అలాంటి గుంపు నేను మళ్ళీ చూడలేదు. నీళ్ళు నల్లబడ్డాయి. పైన పక్షులు ఎంత కమ్ముకున్నాయంటే కోళ్ళు సాయంత్రమైందనుకుని గూళ్ళలోకి వెళ్ళిపోయాయి. మాసేనమ్మ ఒడ్డున నిలబడి కాసేపు చూసి, నా దగ్గరికొచ్చి చెయ్యి చాచింది.

“తాళంచెవి.”

“అది అనవసర ఉపకరణం అమ్మా. ప్రభుత్వం వారు రాసినారు” అన్నాను.

“నాకవసరం. వానలకి నిన్ను మా ఆడపడుచు ఇంటికి అంపమంటావేటి బావూ?”

అంత మాటన్నాక ఉద్యోగం ఏం చేసుకోను. తలుపు తీశాను. ముసలాళ్ళం నలుగురం పడవ తోసి వల దింపి వచ్చాం. ఉత్తరం తాడు మాసేనమ్మా ఆ వైపు ఆడవాళ్ళూ పట్టుకున్నారు. దక్షిణం తాడు పోలమ్మా ఆ వైపు ఆడవాళ్ళూ పట్టుకున్నారు. మధ్యలో గుడ్డ ఉంది. మాసేనమ్మ కొడవలి తెచ్చి దాన్ని నిలువునా కోసేసింది. అవతల పోలమ్మ ముఖం కనబడింది.

“ఓలె వదినా, బతికే ఉన్నావా?” అంది మాసేనమ్మ.

“నీ మొగుడు వల లేకుండా గెల్సినాడని విన్నాను. సిగ్గు లేదేటి మీకు?”

“మీ ఆయన ఎండ్రకాయ గెలిసినాడు గదా. కూర ఎలగుంది?”

“అలగైతే లాగు, సూద్దాం.”

“నువ్వే ఆగు. నీ వేపు ముందొచ్చేస్తన్నాది.”

నిజంగానే వస్తోంది. అప్పుడు దిబ్బ మీద కొర్లయ్య కనిపించాడు. అతన్ని పట్నం తీసుకెళ్ళలేదు, దళారీ కదా. ఎర్ర తువ్వాలు జప్తు చేశారు కాబట్టి చేతిలో పెళ్ళాం ఎర్ర రవిక ఉంది. దాన్నే అటూ ఇటూ ఊపుతూ, సముద్రాన్ని కూడా ఆగమని కేకలేస్తున్నాడు. పోలమ్మ ఆగింది. మాసేనమ్మ లాగింది. తర్వాత మాసేనమ్మ ఆగింది. ఆగినప్పుడల్లా ఇన్నాళ్ళూ మానేసిన సంగతులు అరిచి చెప్పుకున్నారు. ఎవరికి కాన్పైంది, ఎవరి మేక పోయింది, ఆడపడుచు గంజి పోస్తూ ఏమంది. పొద్దు నడినెత్తికొచ్చింది. వల రాలేదు. పొద్దు పశ్చిమానికి కూడా వాలింది. వలంటే వల కాదు, సముద్రం అడుగునే పట్టుకుని లాగుతున్నట్టుంది. చివరికి ఒడ్డెక్కినప్పుడు ఇసుక ఎక్కడా కనబడలేదు. ఊరంతా వెండి.

అక్కడ పట్నంలో భోజనాల వేళ దాటిపోయింది. పెద్దలకి సముద్రతీర పద్ధతిలో చేపల కూర వడ్డిస్తామని ఆహ్వానపత్రంలో వేశారు. వంటవాడు పొయ్యి వెలిగించి చేపలేవని అడిగాడు. అన్ని పనులూ చూసుకున్న సంస్థ ఆ ఒక్కటీ చూసుకోలేదు. పరాంకుశం గారు జీపేసుకుని తానే మా ఒడ్డుకి పరిగెత్తుకొచ్చారు. దిగి, ఆ వెండి కుప్పలు చూసి, అలవాటు కొద్దీ మొదట గడియారం నొక్కారు.

“ఈ లాగుడుకు ఎంతసేపు పట్టింది?”

“పొద్దున్నుంచీ” అంది మాసేనమ్మ, కవ్వళ్ళు పరుస్తూ.

“ఇంతవరకు నమోదైన వాటిలో అత్యంత అధమం” అన్నారాయన, నిజంగా బాధపడుతూ. తర్వాత గొంతు తగ్గించారు. “సరే, అది తర్వాత. పెద్దలు ఆకలి మీదున్నారు. రెండు గంపలు జీపులో పెట్టించమ్మా.”

మాసేనమ్మ లేచింది. ఇంట్లోకి వెళ్ళి గంప మీద అరిటాకు కప్పి తెచ్చి జీపులో పెట్టించింది. పరాంకుశం గారు ఆకు ఎత్తి చూశారు. గంప నిండా చుట్టలు చుట్టిన తాడు ఉంది.

“ఇదేమిటి?”

“మా మొగోళ్ళు లాగింది. కొత్తిమీర ఏసి ఉడకబెట్టండి” అంది. “ఎవుడి పనితీరు ఫలితం ఆడికే దక్కాలన్నారు గదా బాబూ. ఈ సేపలు సముద్రం పనితీరు, మా పనితీరు. మీ పెద్దలు సూడ్డానికొచ్చింది తాడు పనితీరు. ఆళ్ళు అదే తినాల.”

ఆయన కాసేపు తాడు వైపు చూశారు, ఆడవాళ్ళ వైపు చూశారు, కోసి పడేసిన గుడ్డ వైపు చూశారు. ఓటమి ఒప్పుకుంటారనుకున్నారా? ఆయన చదువుకున్న మనిషి. మెల్లగా ఆయన ముఖం మళ్ళీ వెలిగింది. మొగాళ్ళ మీద పోటీకే ఆడవాళ్ళు ఇంత పట్టారని అక్కడికక్కడే తేల్చారు. వచ్చే ఏడాది ఒక తాడు మొగాళ్ళకి, ఒక తాడు ఆడవాళ్ళకి, మధ్యలో గుడ్డకి బదులు గోడ అని జీపు బోనెట్ మీదే రాసుకున్నారు. ఆ పట్టుబడికీ ఆ ఆలోచనకీ కలిపి ఆయనకి పై పదవి వచ్చిందని తర్వాత విన్నాం. అప్పటికి మాత్రం తాడు గంపతోనే వెళ్ళారు. పెద్దలకి ఏం వడ్డించారో నాకు తెలియదు. పట్నంలో వంటవాళ్ళు గట్టివాళ్ళు.

చీకటి పడే వేళకి లారీలు వచ్చాయి. ఉత్తరం జట్టు గెలిచింది. బంగారి రెండు చేతులా పెద్ద వెండిరంగు కప్పు పట్టుకుని, ఊరంతా చూడాలని, ఒడ్డు పొడుగునా వెనక్కి నడిచి వస్తున్నాడు. అతనికి వెనక ఏముందో కనబడదు కదా. కవ్వళ్ళ కుప్పకి మడమ తగిలి దభీమని అందులో కూలబడ్డాడు. మొలదాకా దిగిపోయాడు.

మాసేనమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

“మావా, ఇటు తిరుగు” అంది.

తిరిగాడు. తర్వాత కప్పు పక్కన పెట్టి, పంచె ఎగ్గట్టి, కవ్వళ్ళు ఏరి పరవడం మొదలుపెట్టాడు. కాసేపటికి దక్షిణం వైపు నుంచి దానయ్య కూడా వచ్చి పక్కన కూచున్నాడు. ఇద్దరూ ఒక్క తీరున పరిచారు.

ఆ వానల్లో మాసేనమ్మ ఇంటికి తాళం పడలేదు. ఆడపడుచే చూడ్డానికొచ్చింది. వెళ్ళేటప్పుడు మాసేనమ్మ ఆవిడకి ఎండు కవ్వళ్ళు కొలిచి పోసింది, ఒక్క మాట కూడా అనకుండా. కొలిచింది ఆ కప్పుతోనే. అంతకన్నా మంచి కొలత మా ఊళ్ళో ఇప్పటికీ లేదు.